తెర మీద వన్నెలు – మగ్గము మీద పోగులు



దొడ్డబళ్ళాపురములోనైనను, కంచిలోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను, యానాములోనైనను మనవారి యిండ్లకు పని వచ్చు తీరు ఇప్పుడు మారినది. పూర్వము వ్యాపారి మాదిరి గుడ్డ ఒకటి తెచ్చి చేతికిచ్చి, "ఇట్లు నేసి పెట్టు" మనెడివాడు. గుడ్డ మన చేతిలో నుండుటచేత పోగు విప్పి చూచి, పడుగెంత, పేకెంత, ఏ రంగు చిలపలెన్ని కావలెనో మనమే లెక్క కట్టుకొనెడివారము. ఇప్పుడు గుడ్డ రాదు, ఫోనులో బొమ్మ వచ్చును. ఆ బొమ్మలో కొంగు మామిడిపండు రంగుతో మొదలై, నారింజయై, ఎరుపై, చివరకు వంగపండు రంగులో కలిసిపోవును. ఎచ్చట ఒక రంగు ముగిసినదో, ఎచ్చట ఇంకొకటి మొదలైనదో కనుపించదు. "ఇదే మాదిరి కావలెను" అని క్రింద ఒక మాట వ్రాసి యుండును. ఆ బొమ్మలో విప్పి చూచుటకు పోగు లేదు.

రంగు రంగులో మెల్లగా కలియు ఈ పనిని కంప్యూటరు చిత్రకారులు గ్రేడియెంట్ అందురు. అది ఎట్లు చేయబడుచున్నదో, మగ్గము మీదికి దానిని ఎట్లు దింపుకొనవలెనో తెలిసికొనుట ఇప్పుడు మన వృత్తిలో భాగమైనది. ఇది తెలియక మా యింట జరిగిన నష్టమును ముందుగా చెప్పి, పిమ్మట పని వివరము వ్రాయుదును.

మా యింట జరిగినది

మాది దొడ్డబళ్ళాపురము. మరమగ్గముల నడుమ మా యింట చేమగ్గము ఒకటి ఇంకను ఆడుచున్నది. కొన్నాళ్ళ క్రిందట ఒక దుకాణమువారు పైన చెప్పిన తీరు బొమ్మ నొకదానిని పంపిరి. నేను కండ్లద్దములు పెట్టుకొని చూచి, ఆరు రంగులు లెక్కపెట్టితిని. కొంగు చివర ఇరుప్రక్కల నల్లగా మాగినట్లున్న ఛాయ యొకటి కనబడెను. అదియు నొక రంగే యనుకొని, ఏడవ చిలపను నలుపు కలిసిన వంగపండు రంగులో ప్రత్యేకముగా అద్దించితిని. చీర దిగినది. దుకాణమువారు చూచి, "కొంగు చివర మసిబారినట్లున్నది, బొమ్మలో ఇట్లు లేదు" అని కూలిలో కోత పెట్టిరి. బొమ్మలో ఉన్నదని నేను, లేదని వారు. ఆ వాదము తేలలేదు.

మా కోడలు కంప్యూటరు నేర్చినది. ఆ రాత్రి బొమ్మను చూచి, "మామయ్యా, ఇది అతుకులన్నీ అంటించేసిన బొమ్మ. దీన్ని గీసినవారి దగ్గర పొరలు విడివిడిగా ఉన్న ఫైలు ఉంటుంది. అది అడగండి" అన్నది. అడిగితిమి. గీసినవాడు మంచివాడు, పంపినాడు. కోడలు దానిని తెరచి, అన్నిటికంటె పైనున్న పొర ప్రక్కన కన్నుబొమ్మ గుర్తు మీద ఒక నొక్కు నొక్కగానే నలుపు మాయమైనది! చీర మడత నీడవలె కనుపించుటకై చిత్రకారుడు చివరలో వేసిన నీడ అది. నల్లనుండి ఏమియు లేనిదానికి జారు గ్రేడియెంట్ ఒకటి అన్నిటిపై పరచినాడు. నేను నీడకు నూలు అద్దించితిని!

ఈ నష్టము నాదొక్కనిదే అయినచో ఇచ్చట వ్రాయ నవసరము లేదు. బొమ్మ చూచి నేయు ప్రతి యింటికిని ఇది రాదగినదే.

పొర యనగా నేమి?

కంప్యూటరులో బొమ్మ గీయుట కాగితము మీద గీయుట వంటిది కాదు. ఒకదానిపై నొకటి పరచిన గాజు పలకలను తలచుకొనుడు. అడుగు పలక మీద నేల రంగు, దానిపై పలక మీద అంచు, ఆపైన బుటాలు, ఆపైన జరీ. పై నుండి చూచినప్పుడు అన్నియు కలిసి ఒకే చీరగా కనబడును. ఏ పలకను తీసినను తక్కినవి చెడవు. ఈ పలకనే లేయర్ అందురు. మనము పొర అందము. మనకిది క్రొత్త కాదు. నేల నేత ఒకటి, దానిపై బుటాకు అదనపు పేక ఇంకొకటి అని మనము తరతరములుగా పొరలుగానే ఆలోచించుచున్నాము.

ఫొటోషాప్ అను సాధనము 1990లో విడుదలయ్యెను. దానిలో పొరల ఏర్పాటు 1994లో మూడవ కూర్పుతో వచ్చినది. అంతకు ముందు ఒకసారి పూసిన రంగు అడుగు బొమ్మలో అంటుకొనిపోయెడిది. ఆ పిమ్మట 2000లో వచ్చిన ఆరవ కూర్పులో పొరపై గ్రేడియెంటును ఒక తొడుగువలె తొడిగి, కావలసినప్పుడు తీసివేయు వసతి కలిగెను. దీనికి గ్రేడియెంట్ ఓవర్‌లే అని పేరు. ఫొటోషాపునకు డబ్బు కట్టవలెను. గింప్ అనునది 1996 నుండి ఉచితముగా దొరకుచున్నది. పాత కంప్యూటరులోను చాలవరకు పనిచేయును. కనుక ఈ వ్యాసములో గింప్ పద్ధతినే చెప్పుచున్నాను. ఫొటోషాపులోను పని తీరు ఇంచుమించు ఇట్లే యుండును.

పొరపై వన్నె పరచు విధము

మొదట క్రొత్త బొమ్మ తెరువవలెను. ఇచ్చట కొలత అంగుళములలో గాక పోగులలో పెట్టుకొనుడు. తెర మీది చిత్రము చిన్న చిన్న చుక్కల కూర్పు. ఒక చుక్క ఒక పోగు అనుకొన్నచో అది మన గ్రాఫు కాగితపు గడియే యగును. అంగుళమునకు 100 పడుగు పోగులు, 60 పేకలు ఉన్న గుడ్డలో అంగుళము బుటాకు అడ్డము 100 చుక్కలు, నిలువు 60 చుక్కలు కావలెను. తెర మీద అది అడ్డముగా సాగి కనబడును. భయపడవలదు, మగ్గము మీద సరిగానే వచ్చును.

పిమ్మట నేలకు ఒక పొర, కొంగు వన్నెకు ఒక పొర, అంచునకు ఒకటి, జరీ బుటాలకు ఒకటి వేరువేరుగా చేర్చుడు. ప్రతి పొరకును పేరు వ్రాయుడు. పేరు లేని పొరలు చీటీ కట్టని చిలపలవంటివి. వారము గడచిన తరువాత ఏది ఏదో తెలియదు.

కొంగు పొరను ఎన్నుకొని, జి అను అక్షరమును నొక్కినచో గ్రేడియెంట్ సాధనము చేతికి వచ్చును. దానిలో లీనియర్ అను తిన్నని రకమును ఎంచుడు. గుండ్రముగా వ్యాపించు రకము, ఇతర రకములును కలవు గాని కొంగునకు తిన్ననిదే తగును. కంట్రోల్ మీటను పట్టుకొని, కొంగు పైనుండి క్రిందికి మౌసుతో గీత లాగుడు. మీటను పట్టుకొన్నచో గీత వంకర పోదు. మొదటి చివర ఒక రంగు, రెండవ చివర ఇంకొక రంగు నిలిచి, నడుమ కలయిక దానంతట అది ఏర్పడును. గీత నడుమ నొక్కినచో క్రొత్త మజిలీ ఒకటి పుట్టును. దీనిని స్టాప్ అందురు. ప్రతి మజిలీకిని మనకు కావలసిన రంగు నీయవచ్చును.

ఇచ్చట ఒక నియమము పెట్టుకొనుడు: మజిలీలెన్నో చిలపలన్ని. ఆరు రంగుల నూలున్నచో ఆరు మజిలీలే. తెర మీద పన్నెండు మజిలీలు పెట్టుటకు కాసైనను ఖర్చు లేదు. అందుచేతనే చిత్రకారులు చేయి జారుదురు. అద్దకము కూలి ఇచ్చునది మనము.

బుటా ఆకారము చెడకుండ లోపల మాత్రమే వన్నె పూయవలెనన్నచో, పొరల పట్టికలో ఆల్ఫా తాళమును వేయవలెను. అప్పుడు రంగు ఆకారము దాటి పోదు. కొంగు వన్నె మెల్లగా నేలలో కలిసిపోవలెనన్నచో పొరకు ముసుగు తొడుగుడు. మాస్క్ అను ఈ ముసుగు మీద నల్లనుండి తెల్లకు గ్రేడియెంట్ లాగినచో, నలుపున్న చోట పొర కనబడదు, తెలుపున్న చోట నిండుగా కనబడును. రంగు చెరిపి వేయుట లేదు, కప్పుట మాత్రమే. మరునాడు మనస్సు మారినచో ముసుగును తీసివేయవచ్చును.

ముగించిన పిమ్మట ఎక్స్‌సిఎఫ్ అను గింప్ సొంత రకములో దాచుడు. ఫొటోషాపులో నైనచో పిఎస్‌డి. ఫోనులో పంపుటకు జేపెగ్ చేసినచో పొరలన్నియు ఒకటిగా అంటుకొనిపోవును. పంపుటకు జేపెగ్, ఇంట దాచుటకు పొరల ఫైలు.

వెలుగు వన్నె వేరు, నూలు వన్నె వేరు

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. చీర బొమ్మలో కనబడు గ్రేడియెంట్లు రెండు తెగలు. మొదటిది నూలు వన్నె. రంగు నిజముగా మారవలెను, అందుకు నూలు కావలెను. రెండవది వెలుగు వన్నె. మడత నీడ, జరీ తళుకు, పట్టు మెరుగు చూపుటకై వేసినది. అది కంటికే గాని మగ్గమునకు కాదు.

జరీ సంగతియే చూడుడు. చిత్రకారుడు జరీ బుటాలో పసుపు, తెలుపు, గోధుమరంగు కలిపి తళుకు చూపును. జరీ పోగు మీద వెలుతురు పడి చేయు పనిని అతడు రంగుతో చేయుచున్నాడు. మనకు జరీ ఒక్కటే. తళుకు దానంతట అదే వచ్చును. నెమలికంఠపు రంగు సంగతియు ఇట్లే. పడుగు ఒక రంగు, పేక ఇంకొక రంగు వేసినచో గుడ్డ కదలినప్పుడెల్ల వన్నె మారును. తెర మీద ఒక పొరను సగము పలుచన చేసి ఇంకొకదానిపై పరచినచో రెంటి నడుమ రంగు ఒకటి వచ్చును గాని ఆ కదలిక రాదు. కావున బొమ్మలో వెలుగు వన్నెలన్నిటిని ఒక పొరలో, నూలు వన్నెలను వేరొక పొరలో ఉంచవలెను. ఈ ఒక్క కట్టుబాటు ముందే ఉన్నయెడల మా యింట ఏడవ చిలప అద్దించి యుండము.

వెలుగు పొరను సాధారణముగా మల్టిప్లై అను రీతిలో పెట్టుదురు. అది అడుగు రంగును చీకటి చేయును. మీకు వచ్చిన ఫైలులో నలుపు గ్రేడియెంటున్న పొర ఈ రీతిలో అన్నిటికంటె పైన ఉన్నచో అది నీడయే కావచ్చునని అనుమానించి, కన్ను మూసి చూడుడు. సందేహమున్నచో గీసినవారిని అడిగి రూఢి చేసికొనుడు.

తెరకు 256 మెట్లు, మగ్గమునకెన్ని?

తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులను కలిపి రంగు పుట్టించును. ఒక్కొక్క వెలుగునకు సాధారణముగా 256 మెట్లు. మూడును కలిసి 1 కోటి 67 లక్షలకు పైబడిన రంగులు. నూలు వెలుగు కాదు. ఎర్ర పోగు, పసుపు పోగు ప్రక్కప్రక్కన నిలుచును గాని ఒకదానిలో నొకటి కరగవు. దూరము నుండి చూచు కన్ను వానిని కలుపుకొని నారింజ యనుకొనును. మగ్గము మీద వన్నె జారుట యన్నది అంతయు ఈ కలుపుకొనుట మీదనే నిలిచి యున్నది.

దీనికి మనకు నాలుగు దారులు కలవు. ఒకటి అద్దకము: నూలునే లేతనుండి ముదురునకు మెట్లుగా అద్దించుట. పోచంపల్లివారి చిటికి పనిలో రంగు మారుట పోగు మీదనే, నేతకు ముందే నిర్ణయమగును. రెండవది పడుగు పోయుట: రెండు రంగుల పోగులను 5కు 1, 4కు 2, 3కు 3 చొప్పున పోసినచో చీర వెడల్పున వన్నె జారును. నాడె మార్చు పని లేదు గాని ఆ పడుగు మీద దిగు చీరలన్నియు ఒకే వన్నెలో వచ్చును. మూడవది పేక మార్చుట. నాలుగవది నేత కట్టు మార్చుట: ఎనిమిది పోగుల శాటిన్ కట్టులో పడుగు పైకి తేలు పోగులను ఒకటినుండి ఏడు వరకు పెంచుకొనుచు పోయినచో, రెండే రంగులతో ఏడు మెట్లు వచ్చును. ఇది జాకార్డు ఉన్నవారికి అనుకూలము.

ఈ నాలుగవ దారి యెంత దూరము పోగలదో చూపిన పని ఒకటి కలదు. ఫ్రాన్సు దేశమున లియోన్ నగరములో 1839లో జాకార్డు యంత్రకర్త జోసెఫ్ మరీ జాకార్డు ముఖచిత్రమును నలుపు తెలుపు పట్టుతో నేసిరి. అందుకు సుమారు 24,000 అట్టలు పట్టినవి. చూచినవారు అది అచ్చు వేసిన చిత్రమని పొరబడెడివారు. లెక్కలు చేయు యంత్రమును తలపెట్టిన ఛార్లెస్ బాబేజ్ ఆ చిత్రము నొకదానిని తన యింట ఉంచుకొనెను, తన యంత్రమునకు అట్టల పద్ధతిని జాకార్డు మగ్గము నుండియే తీసికొన దలచెను. కనుక కంప్యూటరు మనకు పరాయిది కాదు. మన యింటినుండి వెళ్ళిన పద్ధతియే చుట్టు తిరిగి మన యింటికి వచ్చినది.

ఒక కొంగు లెక్క

చేమగ్గము వారికి మూడవ దారి, అనగా పేక మార్చుట, తరచుగా తగులును. దాని లెక్కను కట్టి చూపెదను.

అంగుళమునకు 60 పేకలు. వన్నె జారు కొంగు 36 అంగుళములు. అనగా 2,160 పేకలు. ఆరు రంగులు, వాని నడుమ అయిదు సంధులు. ఒక్కొక్క సంధికి 432 పేకలు. దానిని 72 పేకల చొప్పున ఆరు మెట్లు చేయుడు. మొదటి మెట్టు శుద్ధమైన రంగు. తక్కిన అయిదు మెట్లలో పన్నెండు పేకలకు పాత రంగు, క్రొత్త రంగు వరుసగా 10కి 2, 8కి 4, 6కు 6, 4కు 8, 2కు 10. చివరి రంగు శుద్ధముగా నిలుచుటకు ఇంకొక 72 పేకలు. మొత్తము 2,232 పేకలు, 31 మెట్లు. ఆరు చిలపలతో 31 వన్నెలు!

సరి సంఖ్యలే ఎందుకు పెట్టితినో అనుభవజ్ఞులకు తెలియును. నాడెల పెట్టె ఒక ప్రక్కనే యున్నచో నాడె పోయి తిరిగి రావలెను. ఒంటి పేక వేసినచో అది అవతలి ప్రక్కన చిక్కును. మరియు 8కి 4 అన్నప్పుడు ఎనిమిదిని ఒక్కసారిగా వేయక, 4, 2, 4, 2 అని విడదీయవలెను. 6కు 6 అన్నప్పుడు రెండేసి చొప్పున మూడు మార్లు వేయవలెను. లేనియెడల వన్నె కలియక చారలు కనబడును.

ఇక నాడె మార్పులు. 72 పేకల మెట్టులో పన్నెండు పేకల వరుసలు ఆరు. 10కి 2 మెట్టున 12 మార్పులు, 8కి 4 మెట్టున 24, 6కు 6 మెట్టున 36, పిమ్మట 24, 12. మొత్తము 108. సంధి చివర క్రొత్త రంగు నాడె యట్లే సాగును గనుక ఒకటి తగ్గి 107. అయిదు సంధులకు 535 మార్పులు. ఒకే రంగు పేకతో నేయు కొంగులో ఇందులో ఒక్కటియు లేదు. కూలి మాట్లాడునప్పుడు "కష్టమైన పని" అన్నచో వ్యాపారి వినడు. "535 సార్లు నాడె మార్చవలెను, ఇదిగో లెక్క" అన్నచో కాదనుట కష్టము.

బొమ్మను మగ్గమునకు సరిపెట్టుట

పై లెక్కను కంప్యూటరులోనే చూపవచ్చును. నిలువు 2,232 చుక్కలు, అడ్డము 600 చుక్కలు గల బొమ్మ తెరువుడు. అడ్డము ఆరంగుళములు చూపినచో వన్నె చూచుటకు చాలును. ఆరు మజిలీలతో గ్రేడియెంట్ పరచుడు. ఆ పొరకు నకలు ఒకటి తీసి, నకలు మీద పిక్సెలైజ్ అను ఫిల్టరును, నిలువు కొలత 72 పెట్టి నడుపుడు. నునుపుగా నున్న వన్నె 31 మెట్లుగా విడిపోవును. పై పొర "మగ్గము", క్రింది పొర "బొమ్మ" అని పేరు పెట్టుడు. పై పొర కన్ను మూయుచు, తెరచుచు రెంటిని వ్యాపారికి చూపుడు. "మీరు కోరినది ఇది, మగ్గము ఇచ్చునది దరిదాపుగా ఇది" అని ముందుగానే చెప్పినచో తరువాత కోతకు తావుండదు. ఆయన ఒప్పుకొన్నచో ఒప్పుకొన్న బొమ్మను దాచుకొనుడు.

జాకార్డు అట్టలకు గాని, ఎలక్ట్రానిక్ జాకార్డునకు గాని పంపునప్పుడు రంగుల సంఖ్యను తగ్గింపవలెను. గింప్ ఇమేజ్ పట్టికలో మోడ్ క్రింద ఇండెక్స్‌డ్ అను ఏర్పాటు కలదు. మన చిలపల రంగులతోనే ఒక రంగులపెట్టె కట్టి, దానినే వాడుమని చెప్పవచ్చును. అచ్చట డిదరింగ్ అను ప్రశ్న ఒకటి వచ్చును. అనగా లేని రంగును ఉన్న రంగుల చుక్కలు చల్లి చూపుట. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అనువారు ప్రకటించిన పద్ధతి అందులో ప్రసిద్ధము. కాగితమునకు, తెరకు అది మేలైన పద్ధతియే. మగ్గమునకు మాత్రము ఆ చెదరు చుక్కలు చిక్కు తెచ్చును. ఒక్కొక్క చుక్క ఒంటి పోగు కట్టుగా మారి, కొన్నిచోట్ల పోగులు పొడుగుగా తేలిపోవును, కొన్నిచోట్ల బిగియును. కాబట్టి "వద్దు" అని ఎంచుకొని, అంచులను చేతితో సవరించుకొనుట మేలు. మెట్లు కలియు పనిని నేత కట్టునకు విడువుడు.

రంగు సంగతిలో ఇంకొక హెచ్చరిక. రెండు ఫోనులు ఒకే బొమ్మను ఒకే రంగులో చూపవు. వెలుతురు పెంచినచో వంగపండు రంగు గులాబీ వలె కనబడును. కనుక రంగునకు సాక్షి ఫోను కారాదు. అద్దిన నూలును చిన్న అట్టకు చుట్టి, అంకె వేసి, ఒకటి వ్యాపారికి పంపి, జోడు మన దగ్గర ఉంచుకొనవలెను. తెర మీది మజిలీకి ఆ అంకెనే వ్రాయవలెను.

అచ్చుతో పోటీ యెందుకు?

కొందరు సోదరులు అడుగుదురు: "ఇప్పుడు కంప్యూటరు అచ్చు యంత్రము గ్రేడియెంటును ఉన్నదున్నట్లు గుడ్డ మీద దింపుచున్నది గదా, మనకీ శ్రమ యెందుకు?" అని. నిజమే. నునుపులో దానిని మనము గెలువలేము, గెలువ నక్కరయు లేదు. అచ్చు రంగు తరచుగా గుడ్డ పైముఖమున నిలుచును. మన వన్నె పోగులోనిది. తిప్పి చూచినను కనబడును, కదిలించినను మారును. దగ్గరనుండి చూచినచో పోగులు, దూరమునుండి చూచినచో రంగు. ఈ రెండు చూపులు నేతకే గలవు. తెర మీది నునుపును అనుకరింపబోయి ఓడుటకంటె, మెట్లను చక్కగా అమర్చి, "ఇది నేసిన వన్నె" అని చూపుట మనకు గౌరవము.

ముగింపు

మా యింట మరల అటువంటి పని వచ్చినది. ఈమారు కోడలు ముందుగా పొరల ఫైలు అడిగినది, నీడ పొరను మూసినది, మజిలీలు లెక్కించినది. నేను ప్రక్కన కూర్చుండి 8కి 4 ఎట్లు విడదీయవలెనో చెప్పితిని. అది ఆమెకు తెలియదు, పొరలు నాకు తెలియవు. ఇద్దరము కలిసి కట్టిన లెక్కను పంపితిమి. కూలి ముందే మాట్లాడుకొంటిమి. చీర దిగినది, కోత పడలేదు.

కావున పెద్దలకు నా మనవి యిది. కంప్యూటరు ముందు పిల్లలు కూర్చున్నప్పుడు, "అది వారి పని" అని మగ్గము వైపు తిరిగి పోవలదు. పిల్లలకు నా మనవి: గ్రేడియెంట్ లాగుట ఒక్క గీతలో వచ్చును గాని, దానికి ఎన్ని పేకలు పట్టునో తాతను అడిగి తెలిసికొనుడు. బొమ్మ గీయువాడు ఒకడు, నేయువాడు ఇంకొకడు అయినంత కాలము నడుమ నష్టము నేతవానిదే యగును. ఆ రెండు పనులును ఒక్క యింటిలో కలిసిననాడు మన చిలపల లెక్క మన చేతిలో నుండును.